టెర్మినేటర్ 2 స్పెషల్ ఎడిషన్ కొనాలా? ఏ డిస్కు, ఏ కట్, ఎలా చూడాలి

ఈ సినిమా మనలో చాలామంది మొదట చూసింది కేబుల్ టీవీలోనో, అద్దెకి తెచ్చిన క్యాసెట్లోనో అయ్యుంటుంది. ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులున్నాయి, పెద్ద టీవీ ఉంది, మంచి డిస్కు కొనుక్కుని ప్రశాంతంగా చూద్దాం అని వెతికితే అల్టిమేట్ అంటాడు, ఎక్స్‌ట్రీమ్ అంటాడు, స్కైనెట్ అంటాడు, 4కే అంటాడు, ఏది కొనాలో తెలీక బుర్ర తిరుగుతుంది. నేను రెండుసార్లు తప్పు డిస్కు కొని మూడోసారికి దారిలో పడ్డా, ఆ డబ్బులు మీకైనా మిగలాలని ఇది రాస్తున్నా.

ముందు అట్ట మీద పేరు వదిలేయండి, లోపల ఏ కట్, అంటే ఎడిట్ చేసిన ఏ వెర్షన్ ఉందో అది చూడండి. ఈ సినిమాకి మూడు కట్లున్నాయి. 1991లో థియేటర్లో వచ్చింది 137 నిమిషాలు. 1993లో లేజర్‌డిస్క్ మీద వచ్చిన స్పెషల్ ఎడిషన్ దానికంటే ఇంచుమించు పావుగంట ఎక్కువ. ఇవి కాక దాచిపెట్టిన మూడోది ఒకటుంది, దాని సంగతి కిందకి వెళ్ళాక చెప్తా. డబ్బా వెనకాల రన్‌టైమ్ చూస్తే చాలు, 137 ఒక్కటే రాసుంటే అందులో స్పెషల్ ఎడిషన్ లేనట్టే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే అమ్మేవాడిని డబ్బా వెనకవైపు ఫోటో అడగండి, ముందు వైపు ఆర్నాల్డ్ మొహం ఎటూ అన్నిటి మీదా అదే.

2017లో వచ్చిన 4కే గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను పప్పులో కాలేసింది అక్కడే. 4కే కదా అన్నిటికంటే బాగుంటుందనుకుని తెప్పించా, తీరా చూస్తే ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నటి చుక్కలు, మొత్తం తుడిచేసి మొహాలన్నీ మైనం బొమ్మల్లా చేసి పెట్టారు, ఆర్నాల్డ్ మైనంలా ఉంటే మెషీన్ కదా అని సర్దుకోవచ్చు, హీరోయిన్ సారా కూడా అలాగే ఉంటే ఎలా అండీ. పైగా ఆ అమెరికా సెట్‌లో 4కే డిస్కు మీద ఉన్నది థియేటర్ కట్ ఒక్కటే, మిగతా కట్లు పక్కనున్న మామూలు బ్లూరేలో ఉంటాయి. నన్నడిగితే స్కైనెట్ ఎడిషన్ బ్లూరే దొరికితే అది తీసుకోండి, లేదంటే 2000లో వచ్చిన అల్టిమేట్ డీవీడీ. క్లారిటీలో డీవీడీ వెనకబడ్డా ఎక్స్‌ట్రాల్లో దానికి సాటి లేదు.

బయట దేశం నుంచి తెప్పిస్తే రీజియన్ మర్చిపోవద్దు, అంటే డిస్కు ఏ ప్రాంతం ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే కోడ్. డీవీడీల్లో మనది 5, అమెరికాది 1. బ్లూరేల్లో మనది సి, వాళ్ళది ఎ. మా బావ అమెరికా నుంచి ప్రేమగా మోసుకొచ్చిన డీవీడీ మా ఇంట్లో ప్లేయర్‌లో పెడితే ఒక్క ఎర్రర్ మెసేజ్ చూపించి బయటికి తోసేసింది, ఆరు నెలలు షోకేసులోనే ఉంది పాపం. 4కే డిస్కులకి ఈ గోల లేదు. పాత అల్టిమేట్ డీవీడీకి ఇంకో తంటా ఏంటంటే రెండు వైపులా డేటానే, బొమ్మ అచ్చు ఉండదు, మధ్య రంధ్రం చుట్టూ చిన్న అక్షరాలు మాత్రమే ఉంటాయి, అది చూసుకుని పెట్టాలి, పట్టుకుంటే అంచులే పట్టుకోవాలి. కొనేటప్పుడు రెండు వైపులా లైటు కింద వాల్చి చూడండి.

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి, అంటే కదలికల్ని అతిగా నునుపు చేసే సెట్టింగ్, కంపెనీని బట్టి పేరు మారుతుంది, పిక్చర్ సెట్టింగ్స్‌లో వెతకాలి. అది ఆన్‌లో ఉంటే ఆ లారీ ఛేజ్ కాస్తా సాయంత్రం సీరియల్‌లా ఉంటుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేయండి, చాలావరకు పని అయిపోతుంది. పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని ఇంట్లో ఎవరో ఒకరు జూమ్ నొక్కుతారు, ఆ రిమోట్ దాచేయండి.

ఇప్పుడు చూసే వరస. ఇంట్లో ఎవరైనా మొదటిసారి చూస్తుంటే థియేటర్ కట్టే పెట్టండి, పరుగు దానికే ఉంది. స్పెషల్ ఎడిషన్ ఆల్రెడీ సినిమా చూసేసినవాళ్ళకి. అందులో నాకు ప్రాణమైన సీన్ ఆర్నాల్డ్ తల తెరిచి చిప్ తీసేది. మామూలు కట్‌లో నేను మనుషుల్ని చూసి నేర్చుకుంటా అని ఒక్క డైలాగుతో సరిపెట్టేస్తాడు, ఇందులో మాత్రం ఆ నేర్చుకునే స్విచ్‌ని ఈ మెషీన్లని పంపే కంప్యూటర్ స్కైనెట్ ఆపేసి పంపిందని, దాన్ని వీళ్ళే ఆన్ చేయాలని తెలుస్తుంది, చిప్ బయటికొచ్చాక సారా సుత్తి తీసుకుని దాన్ని పగలగొట్టేయబోతే ఆవిడ కొడుకు జాన్ అడ్డం పడతాడు. ఆ పిల్లాడు తల్లికి ఎదురు నిలబడటం అక్కడే మొదలైంది అనిపిస్తుంది నాకు.

ఆ సీన్ దగ్గర పాజ్ కొట్టండి. అద్దం ముందు కూర్చున్నట్టు ఉంటుంది కదా, అక్కడ అద్దమే లేదు. అటువైపు కనిపించేది నిజం ఆర్నాల్డ్, సారాగా చేసిన నిజం లిండా హామిల్టన్. మన వైపు వీపు పెట్టి ఉన్నది ఆవిడ కవల సోదరి లెస్లీ, ఆవిడ చేతులు పెడుతున్నది బొమ్మ తల మీద. ఇద్దరూ ఒకేసారి చేతులు కదుపుతుంటే మనం అద్దం అనుకుంటాం. ఇది తెలిశాక మళ్ళీ వెనక్కి తిప్పి ఆ చేతుల్ని మాత్రమే చూడండి.

ఇంకోటి క్లైమాక్స్‌లో. ముక్కలై మళ్ళీ అతుక్కున్న టీ-1000కి, అంటే ఎవరి రూపమైనా ఎత్తే ఆ లోహపు విలన్‌కి, ఇందులో తేడా చేస్తుంది, రెయిలింగ్ పట్టుకుంటే చేతికి ఆ పసుపు నలుపు చారలు ఎక్కేసి అంటుకుపోతుంది. తర్వాత జాన్ ముందు ఇద్దరు సారాలు నిలబడినప్పుడు నకిలీది ఎవరో పాదాలు చూసి కనిపెడతాడు, నేలలోకి కరిగిపోతుంటాయి.

ఇక ఆ దాచిపెట్టిన మూడో కట్. అల్టిమేట్ డీవీడీలోనూ స్కైనెట్ బ్లూరేలోనూ మెనూలో స్పెషల్ ఎడిషన్ మీద ఉండి రిమోట్‌లో 8, 2, 9, 9, 7 నొక్కాలి, అంటే సినిమాలో ప్రళయం రోజు, 1997 ఆగస్టు 29. డీవీడీలో ఒక్కో అంకెకి ఒక్కో మాట వెలుగుతూ భవిష్యత్తు ముందే రాసిపెట్టి లేదు అన్న సినిమా డైలాగు పూర్తవుతుంది, చిన్నపిల్లాడిలా సంబరపడ్డా ఆ రోజు. కొన్ని ప్లేయర్లు ప్రతి అంకె తర్వాత ఓకే నొక్కితేనే తీసుకుంటాయి. ఇప్పటి బుల్లి రిమోట్లకి అంకెలే ఉండవు, అలాంటప్పుడు మెనూ బటన్లలో స్క్రీన్ మీద కీప్యాడ్ తెచ్చే ఆప్షన్ వెతకండి.

అందులో ఎక్కువ వచ్చేవి రెండే, టీ-1000 జాన్ గది వెతికే సీను, ఇంకా వేరే ముగింపు. ముసలావిడైన సారా పార్కులో కూర్చుని ఉంటుంది, జాన్ సెనేటర్ అయ్యాడు, కూతురితో ఆడుకుంటుంటాడు. మా అమ్మకి అదే నచ్చింది, పిల్లాడు సెటిలయ్యాడు కదా అంది. నాకైతే మిగతా రెండు కట్లలో చివర్లో ఆ చీకటి రోడ్డు మీద ఆగిపోయేదే ఇష్టం, అందుకే మూడో కట్ ఒక్కసారి చూసి మళ్ళీ పెట్టలేదు.