ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ రాయాలంటే

నేను రాసిన మొదటి కథలో ఇద్దరబ్బాయిలు ఉన్నారు గానీ ఊరు లేదు. ‘ఆ చిన్న పట్టణంలో’ అని మొదలుపెట్టి, ఇద్దర్నీ వానలో కలిపి, ఇంట్లోవాళ్ళకి తెలిసేలా చేసి, చివరికి ఒకణ్ణి రైలు కింద పడేశాను. చదివిన ఫ్రెండు ఒకటే అడిగాడు, “మనవాళ్ళని ఇంకెంతమందిని చంపుతావురా?” అని. అప్పట్నుంచి రాస్తూ, కొట్టేస్తూ నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. మీరు గే అయినా కాకపోయినా పనికొస్తాయి.

ముందు ఊరికి పేరు పెట్టండి. నరసాపురం అనుకుందాం. రైలు పట్టాలు అక్కడితో అయిపోతాయి, ఆపైన గోదారి. అవతల గట్టు సఖినేటిపల్లి, పంటు (బళ్ళు, మనుషుల్ని దాటించే బల్లకట్టు పడవ) మీద బండి ఎక్కించుకుని దాటాలి, అటునుంచి అంతర్వేది పోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఇవి వర్ణన కోసమని తెచ్చి పెట్టేస్తే కథ టూరిజం కరపత్రంలా ఉంటుంది, వీటికి పని చెప్పాలి. లేసు అల్లే ఆవిడ కళ్ళు దారం మీద ఉన్నా చెవులు వీధిలోనే ఉంటాయి, ఏ బండి ఎన్నింటికి పోయిందో, ఎవరి గుమ్మం ముందు ఆగిందో చప్పుడుని బట్టి చెప్పేస్తుంది. ఆవిడే మీ హీరో వాళ్ళమ్మ అయితే కథలో ఇక విలన్ అక్కర్లేదు.

అసలు సంగతి ఇప్పుడు. బయటి దేశాల సిరీస్‌లు చూసి రాసేవాళ్ళు ఇద్దర్నీ దాచేస్తారు: చీకట్లో కలవడం, ఎవరో చూసేయడం, గోల. మన ఊళ్ళలో ఇద్దరు మగాళ్ళు భుజాల మీద చేతులేసుకుని బజారంతా తిరగొచ్చు, బండి మీద నడుం పట్టుకుని కూర్చోవచ్చు, ఎండాకాలం డాబా మీద ఒకే చాప మీద పడుకోవచ్చు. “ఈ రాత్రప్పుడు ఏం వెళ్తావులే, ఇక్కడే పడుకో” అని వాళ్ళమ్మే దుప్పటి తెచ్చిస్తుంది. అదే ఏ అమ్మాయితోనో బస్టాండులో రెండు నిమిషాలు మాట్లాడాడనుకోండి, వాడికంటే ముందు కబురు ఇంటికి చేరుతుంది. అంటే ఎవరికీ అనుమానం రాకపోవడమే మీ కథలో చిక్కు. ఎంత దగ్గరగా ఉన్నా ఊరు దాన్ని స్నేహం ఖాతాలోనే వేస్తుంది, అవతలివాడు కూడా ఆ ఖాతాలోనే వేస్తున్నాడేమో అని వీడికి నిద్రపట్టదు. చెయ్యి వేస్తే తీయలేదు, ఇష్టమా, అలవాటా? ఈ ఒక్క ప్రశ్న మీద పది పేజీలు నడుస్తుంది, నన్ను నమ్మండి.

పిలుపులు కూడా వాడుకోవాలి. గోదారి జిల్లాల్లో ఒకే ఈడువాళ్ళు చుట్టరికం లేకపోయినా ‘బావా’ అనుకోవడం మామూలే. కానీ బావంటే వరసకి పెళ్ళాడదగినవాడు కూడా కదా! మన భాష ఇంత మంచి మాట ఉచితంగా ఇస్తుంటే ఎవరూ వాడుకోరేమిటో నాకు అర్థం కాదు. చూడండి:

పంటు కదిలింది. ఇద్దరూ బండికి చెరో పక్కా నిలబడ్డారు.

“ఆదివారం పెళ్ళిచూపులంట,” అన్నాడు శీను.

“ఎక్కడ?”

“మొగల్తూరు.”

“దగ్గరే.”

“నువ్వూ రావాలి బావా.”

సత్తిబాబు బ్రేకు నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కాడు. “నేనెవరికి బావని?”

శీను నవ్వబోయి ఆగిపోయాడు. అవతలి రేవులో ఆటోవాళ్ళు అప్పుడే కేకలు మొదలుపెట్టారు.

దీన్ని మొదట రాసినప్పుడు సత్తిబాబు చేత ‘నువ్వంటే నాకిష్టం’ అనిపించాను, చదువుతుంటే నాకే సిగ్గేసింది. ప్రేమ అనే మాట తీసేసి బ్రేకు పెట్టాను. రేవు ఎందుకు కనపడాలంటే, వీళ్ళకి ఒంటరిగా దొరికేది ఆ కాసేపే, గట్టు దగ్గరయ్యేకొద్దీ టైం అయిపోతుంటుంది. కలిసి తిరగడానికి ఊరంతా ఉంటుంది, మాట్లాడుకోవడానికే చోటుండదు. మీ ఊళ్ళో పంటు లేకపోతే చేపల చెరువు గట్టో, సెకండ్ షో అయ్యాక సైకిల్ స్టాండో ఏదో ఒకటి వెతకండి.

కులం సంగతి చాలామంది దాటేస్తారు, దాటొద్దు. శీను సత్తిబాబు ఇంటికి వచ్చినప్పుడు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి మూత తీసి చూస్తాడా, వరండాలోనే ఆగిపోతాడా అన్నది కథ మొదలుపెట్టే ముందే మీకు తెలిసుండాలి.

మాటల దగ్గర ఇంకో జాగ్రత్త. ‘స్వలింగ సంపర్కులు’ పేపర్ల మాట, ప్రేమించుకునే ఇద్దరూ ఆ మాట ఎప్పుడూ అనుకోరు. ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ లాంటివి తిట్లు, సినిమా కామెడీల పుణ్యమా అని అందరికీ వచ్చినవే. అనేవాళ్ళ నోట్లో ఉంచండి, కథ చెప్పేవాడి నోట్లోకి రానివ్వొద్దు. మీ ఇద్దరికీ తమ గురించి చెప్పుకోవడానికి మాటే దొరక్కపోవచ్చు, దొరక్కపోయినా పర్లేదు, కథ ఆగదు.

ఏ సంవత్సరమో తేల్చుకోండి. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాల్ని నేరం చేసే 377 సెక్షన్‌ని మళ్ళీ నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న ఇష్టపడి కలిసే వయసొచ్చినవాళ్ళకి అది వర్తించదంది, 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేమంది. ఈ తేదీలు కథలో లెక్చరులా రాకూడదు. టీకొట్టు టీవీలో వార్త వస్తుంది, ఎవడో ‘కలికాలం’ అంటాడు, సత్తిబాబు గ్లాసులోకి చూస్తూ టీ పూర్తి చేస్తాడు. అంతే చాలు. ఫోన్ కూడా కాలాన్ని బట్టే: 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చేతిలో డేటా ఉంటుంది, అంతకుముందైతే నెట్ సెంటర్లో హిస్టరీ చెరిపేసి లేచే కుర్రాడు ఉంటాడు. గ్రైండర్ లాంటి గే డేటింగ్ యాప్ పెడితే దూరం చూపించే అంకెని వాడుకోండి. రోజూ దగ్గర్లో ఉన్నవాడంటే భీమవరమే, ముప్పై కిలోమీటర్లు. ఒకరాత్రి ఫోటో లేని ప్రొఫైలొకటి, 200 మీటర్లు. వీధిలో ఎవరై ఉంటారు? భయం, ఆశ రెండూ కలిసే వస్తాయి, నాకైతే ప్రేమలేఖ కంటే ఇదే బాగుంటుంది.

కథకి టెన్షన్ ఎవరో చూసేస్తారని కాదు, వయసు మీద పెట్టండి. ఇరవైయేడు దాటితే పెళ్ళిళ్ళ పేరయ్య వస్తాడు, జాతకాలు వస్తాయి, ‘చెల్లి పెళ్ళయ్యాక చూద్దాం’ అన్న సాకు ఒక్కసారే పనిచేస్తుంది. ఇక్కడే మొగల్తూరు అమ్మాయి వస్తుంది. దయచేసి ఆవిణ్ణి అడ్డంకిలా రాయకండి. ఆవిడకో ఉద్యోగం, ఓ కోపం ఇవ్వండి, పెళ్ళిచూపుల్లో ఆవిడే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇవ్వండి. శీను అబద్ధానికి అందరికంటే ఎక్కువ మూల్యం కట్టేది ఆవిడే.

ముగింపుకి రెండు తలుపులు మూసేయండి: చావు, హైదరాబాదు రైలు. రెండోది కూడా పారిపోవడమే, కాకపోతే టికెట్ కొన్నారు. ఊళ్ళోనే ఉంచి చూడండి. ఇద్దరూ కలిసి ఐస్ ప్లాంటులో వాటా తీసుకోవచ్చు, ‘వాడికి పెళ్ళి యోగం లేదు’ అని వాళ్ళమ్మే నలుగురికీ చెప్పడం మొదలుపెట్టొచ్చు. ఆవిడకి ఎంత తెలుసో ఎవరూ అడగరు.

చివరగా, మీ ఊరి కథే రాస్తుంటే గోదారిని అలాగే ఉంచండి, మనుషుల్ని మార్చేయండి. షాపు, ఇంటి రంగు, అక్కచెల్లెళ్ళ లెక్క, బండి మోడలు, అన్నీ. ఇంత చిన్న ఊళ్ళో ‘ఎర్ర బుల్లెట్, మెడికల్ షాపు’ అన్నారంటే అది ఎవరో పదిమందికి తెలిసిపోతుంది, మీరు కథ అనుకుని పెట్టింది ఇంకొకడి ఇంట్లో గొడవవుతుంది. పోస్ట్ చేసే ముందు ఆ ఊరివాళ్ళెవరికైనా చూపించి, “ఇందులో ఎవరైనా గుర్తొస్తున్నారా?” అని అడగండి. కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పారంటే మళ్ళీ మార్చండి.