చదవడం వచ్చిన పిల్లలకు కూడా చదివి వినిపించడం ఎలా

పిల్లలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టగానే చాలా ఇళ్ళలో "ఇక నువ్వే చదువుకో" అని పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టేస్తారు. పుస్తకాల మీద మోజు తగ్గడం తరచూ అక్కడే మొదలవుతుంది. ఏడేళ్ళ పిల్ల చెవితో విని అర్థం చేసుకోగలిగిన కథ అడవులు, దొంగలు, మోసాలు, పశ్చాత్తాపాల దాకా వెళ్ళిపోయి ఉంటుంది. తానుగా చదవగలిగిందేమో ఇంకా మూడేసి మాటల వాక్యాల దగ్గరే ఉంటుంది. వినిపించడం ఆపేస్తే ఆ పిల్ల బుర్రకు సరిపడే కథ ఇంకెటునుంచీ రాదు. ప్రాథమిక తరగతులు పూర్తయ్యేదాకా, చాలామందిలో ఆ తర్వాత కూడా, విని అర్థం చేసుకునే శక్తి చదివి అర్థం చేసుకునే శక్తికంటే ముందే ఉంటుంది.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని ఒక లెక్కగా చెప్పారు. అక్షరాలను మాటలుగా పలకగలగడం ఒకటి, ఆ భాష అర్థం కావడం రెండోది. ఈ రెంటినీ హెచ్చవేస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. హెచ్చవేత కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మొదటి తరగతుల్లో బడి ఎక్కువగా మొదటిదాని మీదే పనిచేస్తుంది. రెండోది పెరగడానికి ఇల్లు మంచి చోటు.

అందుకని ఇంట్లో రెండు రకాల చదువు విడివిడిగా నడవాలి. పెద్దవాళ్ళు చదివి వినిపించేది ఒకటి, పిల్లలు పైకి చదివేది ఇంకొకటి. పుస్తకాలు వేరు, వేళలు వేరు, పద్ధతులు వేరు. "ఒక పేజీ నేను, ఒక పేజీ నువ్వు" అని కలిపేస్తే, మంచి పట్టులో ఉన్న కథ పిల్లల వంతు రాగానే నత్తనడకన పడుతుంది. వాళ్ళకూ విసుగే, మీకూ విసుగే.

వినిపించే పుస్తకం, వేళ

రోజుకు 15 నిమిషాలు చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 10తో మొదలుపెట్టవచ్చు. వారానికి అయిదు రోజులు జరిగితే బాగానే నడుస్తున్నట్టు. గడియారం చూసి వేళ పెట్టుకుంటే నిలవదు, ఎందుకంటే భోజనం ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా అవుతుంది. ఎలాగూ రోజూ జరిగే పనికి ముడిపెట్టండి: పళ్ళు తోముకున్నాక, బడి సంచి సర్దేశాక. పడుకుని చదివితే పిల్లలకంటే ముందు మీరే నిద్రపోయే రకమైతే కూర్చునే చదవండి, లేదా ఈ పనిని పొద్దుటికి మార్చండి. పక్కమీదే చదవాలన్న నియమం ఎక్కడా లేదు.

పుస్తకం ఎంచేటప్పుడు, పిల్లలు తమంతట తాము చదవగలిగేదానికి రెండేళ్ళు పై స్థాయిది చూడండి. కొనేముందో, గ్రంథాలయం నుంచి తెచ్చేముందో ఒక అరపేజీ పైకి చదివి చూడాలి. కళ్ళతో చదివితే బాగున్న వచనం నోటికి అడ్డంపడటం మామూలే. సమాసాలు బరువుగా ఉన్న పాతకాలపు పుస్తకాలు, క్రియ కోసం నాలుగు వరుసలు ఎదురుచూడాల్సిన వాక్యాలు చెవికి అందవు. సంభాషణలు ఎక్కువ, అధ్యాయాలు చిన్నవి ఉన్నవి బాగా నడుస్తాయి.

చదివే వేగాన్ని ఒకసారి కొలుచుకోండి. 10 నిమిషాలు మామూలుగా పైకి చదివి, ఎన్ని పేజీలు అయ్యాయో చూడండి. దాన్నిబట్టి అధ్యాయం ఒక పూటకు సరిపోతుందో లేదో తెలుస్తుంది. సరిపోకపోతే ఎక్కడ ఆపాలో ముందే పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. "ఇప్పుడేం చేస్తాడు?" అనిపించే చోట ఆపడం మంచిదే, కానీ నిద్రకు ముందు భయం పుట్టించే చోట మాత్రం వద్దు. అలాంటప్పుడు ఆ ఘట్టం చల్లబడేదాకా ఇంకో పేజీ లాగించాలి.

మూడు పూటలు చదివినా పట్టు దొరకకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. మొదలుపెట్టిందల్లా పూర్తి చేయాలన్న పట్టుదల పెద్దవాళ్ళది, దాన్ని పిల్లల మీద రుద్దితే కొత్త పుస్తకం తెరవడానికే వెనకాడతారు. "ఇంకా ఎన్ని పేజీలున్నాయి?" అని పదేపదే అడగడం విసుగుకు గుర్తు. కాళ్ళూ చేతులూ ఆడించడం మాత్రం గుర్తు కాదు. వినడానికి బొమ్మలా కదలకుండా కూర్చోనక్కర్లేదు. కాగితం, రంగు పెన్సిళ్ళు, బంకమట్టి ఏదో ఒకటి చేతికిస్తే చాలామంది పిల్లలు ఇంకా బాగా వింటారు. వింటున్నారో లేదో అనుమానమైతే వాక్యం మధ్యలో ఆపి చూడండి. వెంటనే తలెత్తితే వింటున్నట్టే.

చదివే తీరు

ముఖ్యంగా మొదటి రెండు పేజీలు మీరు అనుకునేదానికంటే నెమ్మదిగా చదవాలి. కొత్త పేర్లు, కొత్త చోటు చెవికి పట్టడానికి ఆ మాత్రం సమయం కావాలి. పాత్రకో గొంతు పెట్టాలని ప్రయత్నించకండి. రెండు గొంతులు చాలు. మూడో రోజుకి ఏ గొంతు ఎవరిదో మీరు మరిచిపోతారు, పిల్లలు మరిచిపోరు. గొంతు మార్చేకంటే వేగం మార్చడం సులువు, పనికొచ్చేది కూడా అదే: పరుగు ఘట్టంలో వేగంగా, రహస్యం దగ్గర నెమ్మదిగా.

తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపి వివరిస్తే కథ తెగిపోతుంది. మాట చదివి, దాని పక్కనే తేలిక మాట ఒకటి కలిపి ముందుకు పోవాలి. "అతను నిశ్చేష్టుడయ్యాడు, కదల్లేకపోయాడు" అన్నట్టు. పూటకు రెండు మాటలకు మించి విడమరచి చెప్పకండి, అదీ ఆ మాట లేకపోతే కథ అర్థం కాదన్నప్పుడే.

కథ అయిపోగానే "దీంట్లో నీతి ఏమిటి?" అని అడగకండి. ఆ ప్రశ్న ఒకటి ఎదురుచూస్తోందని తెలిస్తే రేపు వినేది కథగా వినరు. మర్నాడు మొదలుపెట్టేముందు "నిన్న ఎక్కడ ఆపాం?" అంటే సరిపోతుంది. వాళ్ళకు ఎంత ఎక్కిందో ఆ జవాబులోనే తెలిసిపోతుంది. తడబడితే రెండు వాక్యాల్లో మీరే గుర్తుచేసి చదువు మొదలుపెట్టండి.

ఇద్దరు పిల్లలుండి వయసుల మధ్య మూడు నాలుగేళ్ళ తేడా ఉంటే, ఒకే పుస్తకం ఇద్దరికీ నప్పదు. వారంలో మూడు రోజులు పెద్దవాడికి తగ్గ కథ ఇద్దరికీ కలిపి, రెండు రోజులు చిన్నదానికి విడిగా బొమ్మల పుస్తకం. చిన్నది పెద్ద కథలో సగమే అర్థం చేసుకున్నా నష్టం లేదు. చిన్నపిల్లల పుస్తకం రోజూ వినిపిస్తే పెద్దవాడు మాత్రం లేచి వెళ్ళిపోతాడు.

పిల్లలు పైకి చదివేటప్పుడు

ముందు పుస్తకం స్థాయి చూసుకోవాలి. దాదాపు 100 మాటలున్న భాగం తీసుకుని చదివించండి. ఒకటి రెండు చోట్ల ఆగితే ఆ పుస్తకం వాళ్ళు ఒంటరిగా చదువుకోవచ్చు. అయిదు దాకా అయితే మీరు పక్కన కూర్చోవాలి. పది తప్పులు వస్తే అది ఇప్పటికి బరువు, వినిపించే పుస్తకాల్లోకి మార్చేయండి. ఇది ఉజ్జాయింపు కొలతే, కానీ చాలా గొడవలు తప్పిస్తుంది.

తప్పు రాగానే అందుకుని దిద్దడం పెద్దవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. ఒక అయిదు క్షణాలు ఆగండి. వాక్యం చివరికి వచ్చేసరికి అర్థం కుదరక పిల్లలే వెనక్కి వచ్చి దిద్దుకుంటారు, నేర్చుకోవాల్సింది కూడా ఆ వెనక్కి రావడమే. దిద్దుకోకుండా సాగిపోతే, అర్థం చెడనప్పుడు వదిలేయండి. అర్థం చెడితే "ఆ వాక్యం ఇంకోసారి చదువు" అనండి. అప్పటికీ కుదరకపోతే మాట మీరే చెప్పేయండి. వాళ్ళు ఒకసారి పలికి ముందుకు పోతారు. ఒక్కో అక్షరం విడగొట్టి చదివించడం మొదలుపెడితే మాట దొరికేసరికి వాక్యం మొదలు మరిచిపోతారు.

తెలుగు చదివేవాళ్ళకు అడ్డంకులు కొన్ని ఖాయమైన చోట్ల వస్తాయి. ఒకటి, పోలిక దగ్గరగా ఉన్న అక్షరాలు: ద, ధ, థ, ప, ఫ, ష, మ, య. రెండోది వత్తులు. అచ్చు చిన్నదై, వరుసలు ఇరుకై ఉంటే కింద ఉన్న వత్తు ఏదో పెద్దవాళ్ళకే పోల్చుకోవడం కష్టం. పుస్తకం ఎంచేటప్పుడు బొమ్మలకంటే ముందు వరుసల మధ్య ఖాళీ చూడండి. "రాష్ట్రం" లాంటి మాట దగ్గర ఆగిపోతే వత్తులను కాగితం ముక్కతో మూసి "రాషం" అనిపించి, తర్వాత ఒక్కో వత్తు తెరిచి కలపండి. మూడోది సంధి. "ఎక్కడికెళ్ళిపోయిందోనని" అన్న పొడుగాటి మాటను చూసి బెదిరిపోతారు, నిజానికి అందులో తెలియని మాట ఏదీ లేదు. ఎక్కడికి, వెళ్ళిపోయిందో, అని అన్నట్టు పెన్సిల్‌తో చిన్న గీతలు పెట్టి ముక్కలుగా చదివించి, చివర ఒక్క ఊపులో అనిపించాలి.

తడబడుతూ చదివే పిల్లలకు ఇద్దరూ కలిసి చదివే పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒకే పుస్తకం చూస్తూ ఒకే గొంతుగా, పిల్లల వేగానికి తగ్గట్టు పైకి చదవండి. ఒంటరిగా చదవగలననిపించినప్పుడు వాళ్ళు మీ చేతిని తడతారు, మీరు ఆపేయాలి. ఎక్కడైనా ఆగిపోతే మీరు ఆ మాట చెప్పి, వాళ్ళు పలికాక, మళ్ళీ తట్టేదాకా ఇద్దరూ కలిసి చదవాలి. రోజుకు 10 నిమిషాలు, వారానికి అయిదు రోజులు, ఎనిమిది వారాలు. ఈ మధ్యలో వేరే పద్ధతి కలపకండి. పుస్తకం వాళ్ళే ఎంచుకోవాలి, కాస్త కష్టమైనదైనా ఫర్వాలేదు, పక్కన మీ గొంతు ఉంది కదా.

చదవడం వచ్చు గానీ ఏకస్వరంగా, మాటమాటకూ ఆగుతూ చదివే పిల్లలుంటారు. వాళ్ళతో ఒక చిన్న పేరా మూడు నాలుగుసార్లు చదివించండి. ఊరికే మళ్ళీ చదవమంటే కోపం వస్తుంది కాబట్టి ఎవరికో వినిపించడానికి అన్నట్టు పెట్టాలి: చెల్లికి, ఫోన్లో తాతయ్యకి.

బహుమతులు, బెదిరింపులు

పేజీకో నక్షత్రం, పుస్తకానికో బహుమతి అనే పట్టికలు మొదటి వారం బ్రహ్మాండంగా నడుస్తాయి. తర్వాత పిల్లలు సన్నటి పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెడతారు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లలకు బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలే తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించారు. "చదివితేనే టీవీ" అన్నా అదే గతి: టీవీ బహుమతి అవుతుంది, పుస్తకం దానికి కట్టే సుంకం అవుతుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఇంకో పుస్తకమో, పడుకునే వేళ మీద ఇంకో పావుగంటో ఇవ్వండి. పావుగంట ఎక్కువ మెలకువగా ఉండే అవకాశాన్ని ఏ పిల్లలూ వదులుకోరు.

బొమ్మల కథలు చదువు కాదనకండి. చదివిన పుస్తకమే పదోసారి చదువుతుంటే కదపకండి. పుస్తకాలు అరలో నిలువుగా కుక్కితే వెన్నులే కనిపిస్తాయి. ఎనిమిదో పదో అట్టలు కనిపించేట్టు పిల్లల చేతికందే ఎత్తులో పెట్టి, రెండు వారాలకోసారి మార్చండి.

ఆగిపోయినప్పుడు

పరీక్షలొస్తాయి, చుట్టాలొస్తారు, జ్వరాలొస్తాయి. ఆగిన రోజుల బాకీ తీర్చాలని మర్నాడు గంట చదవకండి. మామూలు 15 నిమిషాలే. రెండు వారాలకు మించి ఆగితే పాత కథను లాగకుండా, ఒకే పూటలో అయిపోయే చిన్న కథతో మళ్ళీ మొదలుపెట్టడం తేలిక.

పదకొండు పన్నెండేళ్ళకు చాలామంది "నాకేం చదవక్కర్లేదు" అంటారు. బతిమాలకండి. వార్తలు, ఆటలు, అంతరిక్షం, నేరపరిశోధన ఏది వాళ్ళ ఇష్టమైతే అందులోంచి రెండు పేజీలు వాళ్ళు వేరే పని చేసుకుంటుండగా చదవండి. లేదా పాత్ర మార్చండి, మీరు వింటారు, వాళ్ళు చిన్నవాళ్ళకు చదువుతారు. అదీ కాదంటే ఒకే గదిలో ఎవరి పుస్తకం వాళ్ళు 20 నిమిషాలు. అందరి ఫోన్లూ, మీది కూడా, వేరే గదిలో ఉండాలి.

రెండు మూడేళ్ళు బడికి వెళ్ళాక కూడా అక్షరాలు తారుమారవుతుంటే, మొదటి అక్షరం చూసి మాట ఊహించేస్తుంటే, చదవమనగానే తలనొప్పో కడుపునొప్పో వస్తుంటే దాన్ని బద్ధకం కింద జమకట్టకండి. ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో చూడగల నిపుణుల దగ్గరకు తీసుకెళ్ళాలి. వెళ్ళేముందు రెండు వారాలు ఏ అక్షరాల దగ్గర, ఎలాంటి మాటల దగ్గర ఆగుతున్నారో తేదీలతో రాసిపెట్టుకోండి. "సరిగా చదవట్లేదు" అని చెప్పేకంటే ఆ కాగితం చూపిస్తే నిపుణుల పని చాలా తేలికవుతుంది. ఫలితం వచ్చేదాకా పైకి చదివించడం తగ్గించినా ఫర్వాలేదు, వినిపించడం మాత్రం ఒక్కరోజు కూడా తగ్గించకండి.