రక్తంలో చక్కెర, రక్తప్రసరణ: కంచం నుండి మూలికల దాకా ఏది ముందు, ఏది తరువాత

మధుమేహం వచ్చిందని తెలిసిన ఇంట్లో మొదట వెతికేది సాధారణంగా ఒక ఆకునో, ఒక పొడినో. మెంతుల నీళ్ళు, కాకర రసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి అంటూ బంధువులు తలా ఒకటి చెబుతారు. వీటిలో కొన్నింటికి నిజంగానే కొంత గుణం ఉంది. అయితే ఆ గుణం చిన్నది. కంచంలో గుట్టగా పోసుకున్న అన్నం చేసే పని దానికంటే చాలా పెద్దది. అందుచేత ముందు కంచాన్ని సరిచేసుకుని, ఆ తరువాతే మూలికల వైపు వెళ్ళాలన్నది ఈ వ్యాసం పాటించే వరుస. ఇది టైప్ 2 మధుమేహం ఉన్నవారికీ, ఆ అంచున ఉన్నవారికీ, వారికోసం వంట చేసేవారికీ ఉద్దేశించినది. డాక్టరు రాసిన మాత్రలనూ ఇన్సులిన్‌నూ దేనికోసమూ సొంతంగా ఆపకూడదు. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇందులోని ఏ మార్పునైనా డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్ వంటివి. మిగిలిన పావు వంతే అన్నం లేదా రొట్టె. మన భోజనంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది కాబట్టి, అన్నాన్ని ఒక్కసారిగా తగ్గించమంటే ఎవరికీ సాగదు. ముందు కూరను రెట్టింపు చేయండి, అన్నం దానంతట అదే తగ్గుతుంది. తినే క్రమం కూడా లెక్కలోకి వస్తుంది: ముందు కూర, పప్పు కొంత తిని, ఆపైన అన్నం కలుపుకుంటే భోజనం తరువాత చక్కెర ఎగబాకే వేగం తగ్గుతుంది. బియ్యం విషయానికి వస్తే, మన ఇళ్ళలో ఎక్కువగా వాడే సాంబా మసూరి, అంటే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, చక్కెరను త్వరగా పెంచే రకం. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ సూచి (తిండి రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దరిదాపుల్లో ఉంటుంది. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబా మసూరి కూడా ఇంచుమించు అంతే. సన్నబియ్యం రుచి వదలలేనివారికి ఇవి మంచి దారి. అయితే సూచి తక్కువని రెండింతలు తింటే లాభం అక్కడే పోతుంది.

చిరుధాన్యాల మీద ఉన్న ఒక అపోహను మాత్రం గట్టిగా చెప్పాలి. చక్కెర జబ్బుకు రాగి జావ మంచిదని ఉదయాన్నే పెద్ద గ్లాసుతో తాగేవారు చాలామంది ఉన్నారు. మెత్తగా పట్టించిన పిండిని పలుచగా ఉడికిస్తే అందులోని పిండిపదార్థం సులువుగా అరిగిపోయి చక్కెరను వేగంగా పెంచుతుంది. అదే రాగిని గట్టి సంగటిగా చేసి, ముద్ద చిన్నదిగా, ఆకుకూర పప్పుతో తినడం మేలు. పాలిష్ పట్టని కొర్రలు, సామలు, అరికెలు గింజగా వండుకుంటే పిండి కంటే నెమ్మదిగా అరుగుతాయి. జొన్నరొట్టె పక్కన కూర నిండుగా ఉన్నప్పుడే దాని విలువ.

ఇక మెంతులు. వంటింట్లో ఉన్న దినుసుల్లో చక్కెర విషయంలో ఎక్కువ ఆధారం ఉన్నది వీటికే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980లలోనే మధుమేహ రోగులకు మెంతిపిండి ఇచ్చి పరీక్షించారు. మెంతుల్లో గాలక్టోమన్నన్ అనే కరిగే పీచు ఉంటుంది. నీరు తగలగానే అది జిగురుగా ఉబ్బి, పేగుల్లో తిండితో కలిసిపోయి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. రాత్రి ఒక టీస్పూను మెంతులను అరగ్లాసు నీటిలో వేసి ఉంచితే, పొద్దుటికి గింజలు లావెక్కి, వేళ్ళ మధ్య జారిపోతూ, నీళ్ళు పసుపుపచ్చగా మారి ఉంటాయి. అసలు పని చేసేది ఆ ఉబ్బిన గింజలో ఉన్న పీచు. కాబట్టి నీళ్ళు తాగి గింజలు పారేయడం దండగ. గింజలను నమిలి తినాలి. చేదు పడనివారు గింజలను మజ్జిగలో రుబ్బుకోవచ్చు, లేదా వేయించిన మెంతిపొడిని కూరలో చల్లుకోవచ్చు. మొదటి వారం అర టీస్పూనుతో మొదలుపెడితే కడుపుబ్బరం రాదు. పరిశోధనల్లో రోజుకు 25 గ్రాములు, అంతకు మించి కూడా వాడారు గానీ, అంత మోతాదుకు డాక్టరు పర్యవేక్షణ అవసరం. గర్భిణులు పోపులో వేసేంత మెంతులకే పరిమితం కావాలి. శనగలు, వేరుశనగలు పడనివారికి మెంతులు కూడా పడకపోవచ్చు.

పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి మరో జాగ్రత్త. మెంతుల జిగురు మాత్రను శరీరానికి సరిగా అందనివ్వదు. వారు మెంతులను మధ్యాహ్న భోజనానికి ముందుకు జరుపుకోవడం మంచిది. మిగతా మాత్రలకూ మెంతులకూ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి.

ఇదే జాతి పీచు గోరుచిక్కుడులోనూ ఉంది. గోరుచిక్కుడు గింజల నుండి తీసే గ్వార్ జిగురు కూడా గాలక్టోమన్ననే. కాయలో ఆ పీచు తక్కువగా ఉన్నా, వారానికి రెండుసార్లు గోరుచిక్కుడు వేపుడు, తక్కువ నూనెతో, కొబ్బరి పైపైన చల్లి చేసుకుంటే, ఏ పొడీ కొనకుండానే పీచు కంచంలోకి వస్తుంది. ఇంత చవకైన, ఇంత మంచి కూరగాయను మనం పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఏ దినుసైనా మీ ఒంటికి పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి గ్లూకోమీటరే సాక్ష్యం. ఒకే రకం భోజనాన్ని, ఒకే కొలతతో, రెండు వేర్వేరు రోజుల్లో తినండి. ఒక రోజు మెంతులతో, ఒక రోజు మెంతులు లేకుండా. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి చూసి రాసిపెట్టండి. ఒక్క జతతో తేల్చేయకుండా ఇలా రెండు మూడు జతలు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఎక్కువమందికి పరగడుపున 80 నుండి 130 (మి.గ్రా./డె.లీ.), భోజనం తరువాత రెండు గంటలకు 180 లోపు ఉండటం లక్ష్యం. వృద్ధులకు డాక్టరు ఈ లక్ష్యాన్ని సడలించవచ్చు.

కాకరకాయను కూరగా తినడంలో ఏ ఇబ్బందీ లేదు. పరగడుపున గ్లాసుడు పచ్చి రసం తాగడం వేరు: మేలు జరుగుతుందన్న ఆధారాలు బలంగా లేవు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారికి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. పొడపత్రి ఆకు నమిలి, నోరు కడుక్కుని, చిటికెడు పంచదార నాలుక మీద వేసుకుంటే తీపి తెలియదు. ఇసుక నలిగినట్టు ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకపై తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసేయడమే అందుకు కారణం. స్వీట్ల మీద మనసు లాగేవారికి ఇది పనికొస్తుంది, కానీ మందుకు బదులు కాదు. నేరేడు పండు హాయిగా తినవచ్చు. గింజల పొడికి ఉన్న పేరుకు తగిన రుజువు లేదు. దాల్చిన చెక్క కొనేటప్పుడు చూసి కొనండి: మార్కెట్‌లో దొరికే మందమైన బెరడు ఎక్కువగా కాసియా, అందులోని కూమరిన్ రోజూ చెంచాలకొద్దీ తింటే కాలేయానికి చేటు. పలుచని పొరలు చుట్టలా ఉన్న సిలోన్ రకంలో అది చాలా తక్కువ.

రక్తప్రసరణకు మేలు చేసే తిండిలో మొదటి స్థానం ఆకుకూరలది. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్లు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తాయి. వెల్లుల్లి రెబ్బలను దంచి పది నిమిషాలు పక్కన ఉంచి ఆపైన పోపులో వేస్తే, దంచినప్పుడు పుట్టే అల్లిసిన్ కొంతైనా నిలుస్తుంది. రక్తపోటు మీద దాని ప్రభావం స్వల్పం. అవిసె గింజలు వేయించి కారప్పొడి చేసుకుంటే మంచి కొవ్వులు అందుతాయి. గింజను అలాగే మింగితే అరగక బయటికి పోతుంది. కానీ ఇవన్నీ చేసి, భోజనంలో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, చివర్లో ఉప్పు వేసిన మజ్జిగ తీసుకుంటే రక్తపోటు తగ్గదు. రోజంతటికీ అన్నిటిలో కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు. పచ్చడిని రోజూ కాకుండా, తిన్న రోజు వేలి కొసకు అంటేంత మాత్రమే వేసుకోండి.

భోజనం కాగానే పావుగంట నడవండి. నడిచే కాళ్ళ కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, పిక్కలు బిగిసి వదులుతూ కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. చక్కెరకూ ప్రసరణకూ ఒకేసారి మేలు చేసే పని ఇంతకంటే మరొకటి లేదు. సిగరెట్, బీడీ, చుట్ట మానకపోతే మాత్రం కాళ్ళ రక్తనాళాలను ఏ తిండీ కాపాడలేదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అసిట్రోమ్ మందులు వాడేవారు ఆకుకూరలు మానాల్సిన పని లేదు, కానీ ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి; ఒక వారం అసలు తినక, మరో వారం రోజూ తింటే మందు లెక్క తప్పుతుంది. అదే పనికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు వెల్లుల్లి, పసుపు, అల్లం మాత్రల రూపంలో తీసుకోకూడదు. వంటలో వేసేంత సరిపోతుంది. ఆపరేషన్ ఉంటే వాడే ప్రతి పొడినీ ముందే డాక్టరుకు చెప్పండి. తిప్పతీగ రోజూ తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మన దేశంలోనే నమోదయ్యాయి. పేరూ, తయారీ వివరాలూ లేని పొట్లాల మందులు కొనకండి. అలాంటివాటిలో అల్లోపతి మాత్రల పొడి, సీసం వంటి లోహాలు కలిసి ఉండటం బయటపడిన సంగతే.

తిండి తగ్గించి, మూలికలు కలిపిన మొదటి వారాల్లో చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే చక్కెర చూడండి. 70 కంటే తక్కువగా ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీటిలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. నడిచినప్పుడు పిక్క పట్టేసి, ఆగితే నొప్పి తగ్గుతున్నా, పాదం మీద పుండు మానకపోయినా అదే వారంలో డాక్టరుకు చూపించండి. ఛాతీలో బరువు, మూతి వంకరపోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఏ కషాయమూ కాచకుండా 108కి ఫోన్ చేయండి.