మిరుగం నాడు ఫిష్ పై చేస్తున్నారా? ముందు ముళ్ల సంగతి చూడండి

మిరుగం అంటే మృగశిర కార్తె, జూన్ 7నో 8నో వస్తుంది, ఆ రోజు మన దగ్గర చేప వండని ఇల్లు తక్కువ. హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో తెల్లారేసరికే జనం, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం లైన్లు, ఇక కొరమీను ధర సంగతి అడగొద్దు. అలాంటి రోజున పులుసు మానేసి ఫిష్ పై చేద్దామని పోయినేడాది నాకు బుద్ధి పుట్టింది. పైన బంగారు రంగు తేలి, అంచుల్లో సాస్ కుతకుతలాడుతూ, చూడ్డానికి భలే వచ్చింది కానీ మూడో చెంచాకే మా మరిది గొంతు పట్టుకుని లేచాడు. రవ్వ చేప (రోహు) ముల్లు. మిగతా సాయంత్రం ఈఎన్టీ డాక్టర్ దగ్గర గడిచింది.

పై అనగానే చాలామందికి పిండి పొర ఉన్న ఆపిల్ పై గుర్తొస్తుంది. ఇది అది కాదు. బ్రిటన్‌లో ఇళ్లలో చేసుకునే ఫిష్ పైలో చేపను పాలల్లో ఉడికించి, ఆ పాలతోనే వైట్ సాస్ చేసి, ఉడికిన గుడ్డు ముక్కలు, బఠాణీలు కలిపి, పైన మెత్తగా మెదిపిన ఆలుగడ్డ పరిచి ఓవెన్‌లో పెడతారు. కారం లేదు, పులుపు లేదు. మన వాళ్లకు ప్రమాదం అక్కడే ఉంది. పులుసులో అయితే ముక్క చేతిలోకి తీసుకుని, వేళ్లతో ముల్లు తీసి, అన్నంలో కలుపుకుంటాం, చేప కాస్త అటూ ఇటూ అయినా చింతపండు, మెంతులు సర్దేస్తాయి. పైలో చేప కనపడదు, తినేది చెంచాతో, వాసన దాచే మసాలా ఏదీ లేదు. అందుకే ఆలుగడ్డ పరిచేలోపే చూడాల్సినవన్నీ చూసెయ్యాలి.

మొదటిది, ఏ చేప. రవ్వ, బొచ్చె వద్దు, రుచికి కాదు, వాటి కండ మధ్యలో వై ఆకారంలో సన్నటి ముళ్లు ఉంటాయి, ఎంత అలవాటైన చెయ్యి కోసినా అవన్నీ రావు. కొరమీనులో అలాంటివి లేవు, మధ్య ముల్లు తీస్తే దాదాపు అయిపోయినట్టే, పైగా మార్కెట్లో తొట్టెలో బతికి ఉన్నవే అమ్ముతారు కాబట్టి తాజాదా కాదా అన్న టెన్షన్ లేదు. పండుగప్ప దొరికితే ఇంకా మంచిది, కండ తెల్లగా, రేకులు రేకులుగా విడుతుంది. వంజరం అంటారా, ఈ సమయంలో నేనైతే కొనను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవల మీద వేటకు నిషేధం. అంటే మిరుగం నాటికి రెండు వైపులా బంద్. అప్పుడు హైదరాబాద్‌లో కనిపించే వంజరం చాలావరకు ఎన్నాళ్ల నుంచో ఐసులో ఉన్న సరుకే అయ్యుంటుంది. కొనక తప్పదంటే కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేస్తోందా చూడండి. తల తీసేసి ముక్కలుగా పెట్టిన దాన్ని చూసి ఇవేవీ చెప్పలేం, అది వదిలెయ్యండి.

బోన్‌లెస్ ముక్కలు కావాలంటే మిరుగం రోజు పొద్దున అడగకండి. ఆ రద్దీలో కోసేవాళ్లకు అంత తీరిక ఉండదు, ఒకరోజు ముందే వెళ్లి ఎదురుగా నిలబడి చర్మం తీయించి, మధ్య ముల్లు తీయించి తెచ్చుకోండి. నలుగురైదుగురికి 700 గ్రాముల కండ కావాలి, మొత్తం చేపలో తల, ముల్లు, చర్మం పోగా సగానికి అటూ ఇటూగానే మిగులుతుంది కాబట్టి కిలోన్నర చేప లెక్కేసుకోవాలి. తల పారెయ్యకండి, అత్తయ్యకు పులుసు పెట్టెయ్యొచ్చు, దాంతో ఇంట్లో ఈ పై మీద సగం వ్యతిరేకత తగ్గుతుంది.

తెచ్చిన చేపను మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, మరుసటి రోజుకల్లా వండెయ్యాలి. జూన్ మొదట్లో మనకు సాయంత్రం ఈదురుగాలి, వెంటనే కరెంట్ పోవడం మామూలే. పోయినప్పుడు ఊరికే తలుపు తీసి చూడొద్దు, తలుపు తీయకపోతే ఫ్రిజ్ ఓ నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. గడ్డకట్టించి అమ్మే బాసా లాంటి చేపలు వాడితే ముందు రోజు రాత్రే డీప్ ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి, గిన్నెలో నీళ్లు పోసి సింకులో వదిలెయ్యడం వద్దు. కరిగాక చాలా నీరు వదులుతుంది, దాన్ని శుభ్రమైన గుడ్డతో ఒత్తకపోతే సాస్ చారు అయిపోతుంది.

ఇంకో మాట, కానాగంతలు, సూర చేప లాంటివి చవకగా ఉన్నాయని పైలో వేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త. అవి చల్లదనం లేకుండా కాసేపు ఉంటే కండలో హిస్టమిన్ పేరుకుంటుంది, అది ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి, మనం చేప పడలేదులే అనుకుంటాం. చాలామంది పైలో రొయ్యలు కూడా వేస్తారు, వచ్చేవాళ్లలో రొయ్య పడనివాళ్లు ఉన్నారేమో ముందే అడగండి, మెదిపిన ఆలుగడ్డ కింద రొయ్య ఉందని వాళ్లకేం తెలుస్తుంది.

ఇప్పుడు అసలు గొడవ. చేప, పాలు కలిపి తింటే బొల్లి వస్తుందని మా అత్తయ్య గట్టిగా నమ్ముతుంది, మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు నమ్ముతారు. ఆయుర్వేదంలో దీన్ని విరుద్ధాహారం అంటారు, మాట అక్కడి నుంచే వచ్చింది. బొల్లి అనేది ఒంట్లోని రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల వచ్చేది, చేపలో పాలు పోసినందుకు వస్తుందనడానికి ఆధారం లేదు. నేను ఇదంతా చెప్పి చూశాను, ఆమె విని, అవునమ్మా అని, పళ్లెం పక్కకు జరిపింది. వాదించి తినిపించడం మర్యాద కాదు. ముందే చెప్పి ఎవరిష్టం వాళ్లకు వదిలెయ్యండి, లేదా పాల బదులు చేప తల, ముళ్లు ఉడికించిన నీళ్లతో సాస్ చేయండి, అదీ బాగుంటుంది. పాలని చెప్పకుండా మాత్రం పెట్టకండి, పాలు అరగనివాళ్లు కూడా ఉంటారు.

వండేటప్పుడు మన అలవాటు ఒకటి కొంప ముంచుతుంది. చేప చేతికి రాగానే ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కడుగుతాం కదా, ఆ పులుపు కాస్త మిగిలినా పాలు విరిగిపోతాయి, పసుపుకు సాస్ కామెర్లు వచ్చినట్టు అవుతుంది. దీనికి ఉప్పుతో కడిగి తడి లేకుండా తుడిస్తే చాలు. అర లీటరు పాలల్లో బిర్యానీ ఆకు, నాలుగు మిరియాలు వేసి, సన్నటి మంట మీద ముక్కలను ఎనిమిది పది నిమిషాలు ఉంచండి, పాలు తెర్లకూడదు. ముక్క మధ్యలో అద్దంలా కనపడకుండా తెల్లగా మారి, చెంచా పెడితే రేకులుగా విడాలి.

ఇక్కడ ఆగండి. ఉడికిన చేపను వెడల్పాటి స్టీల్ పళ్లెంలోకి తీసి, చల్లారాక, చేతులు శుభ్రంగా కడుక్కుని, ఒక్కో ముక్కను వేళ్ల మధ్య నలుపుతూ ముల్లు వెతకండి. ఫోర్కుతో కాదు, కంటితో కాదు, వేలితో. బోన్‌లెస్ అని తెచ్చినా సరే. పది నిమిషాల పని, మొన్న చేసినప్పుడు కొరమీనులో కూడా మూడు దొరికాయి. అంత చేశాక కూడా ఎవరి గొంతులోనైనా ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగు, అరటిపండు మింగు అని మాత్రం అనకండి, అది ఇంకా లోపలికి దిగబడుతుంది. మా మరిదికి మేం అదే చేసి డాక్టర్ చేత చీవాట్లు తిన్నాం. గుచ్చుకున్నట్టే ఉంటే ఈఎన్టీ దగ్గరికి వెళ్లాలి, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చెయ్యాలి.

సాస్‌కు 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా వేయించి, చేప ఉడికిన పాలు వడకట్టి కొద్దికొద్దిగా పోయండి, ఒకేసారి పోస్తే ఉండలు. దోసెపిండిలా చిక్కగా రావాలి. ఆలుగడ్డ కిలో, చేత్తోనే మెదపండి, మిక్సీలో తిప్పితే జిగురులా సాగుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంట్ ఓవెన్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టకండి, వేడెక్కి కరుగుతుంది, గోడకున్న 16 ఆంప్స్ సాకెట్ వాడండి. గాజు గిన్నె అయితే ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు, వేడిగా తీసినదాన్ని తడి గ్రానైట్ మీదా పెట్టొద్దు, రెండు విధాలా పగలొచ్చు. గిన్నె నిండా నింపకుండా ఒక అంగుళం వదలండి, కింద ట్రే పెట్టండి, లేకపోతే సాస్ పొంగి కడ్డీల మీద పడి ఇల్లంతా పొగ. 200 డిగ్రీల్లో అరగంట. ఓవెన్ లేనివాళ్లు సాస్, చేప పొయ్యి మీదే వేడి చేసుకుని, ఆలుగడ్డను పెనం మీద రొట్టెలా ఎర్రగా కాల్చి పైన బోర్లించుకోవచ్చు, పై అనడానికి మనసొప్పకపోయినా రుచి దగ్గరదగ్గరే.

తీసిన వెంటనే వడ్డించకండి, పైన చల్లబడినట్టు ఉన్నా లోపల సాస్ నాలుక కాల్చేస్తుంది, పది నిమిషాలు ఆగితే కాస్త గట్టిపడి ముక్క కూడా తీరుగా వస్తుంది. పిల్లల పళ్లెంలో పెట్టే ముందు ఇంకోసారి చిదిమి చూడండి. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి, ఆ ఉక్కలో డైనింగ్ టేబుల్ మీద రాత్రిదాకా ఉంచి పొద్దున తినడం కుదరదు. మర్నాడు మొత్తం వేడి చేయకుండా తినేవాళ్లకు సరిపడా మాత్రమే లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేయండి. మా ఇంట్లో ఆ మిగిలింది కొత్త ఆవకాయ నంజుకుని తిన్నారు, ఇంగ్లిషువాళ్లు చూస్తే ఏమనుకునేవాళ్లో కానీ గిన్నె మాత్రం ఖాళీ అయింది.