ది ఆఫీస్‌లో 'డైవర్సిటీ డే' ఎపిసోడ్ టీమ్‌తో ఎలా చూడాలంటే

ది ఆఫీస్ అనే అమెరికన్ కామెడీ సిరీస్‌లో 2005లో వచ్చిన ఫస్ట్ సీజన్ రెండో ఎపిసోడ్ ఇది, చూసేటప్పుడు స్టాఫ్‌కి వైవిధ్యం మీద ట్రైనింగ్ ఇస్తానంటూ కూర్చోబెట్టే బాస్ మైఖేల్ మీద కన్నా చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాల మీద కన్నేసి ఉంచండి, అసలు కథంతా అక్కడే ఉంది. నుదుటికి జాతుల పేర్ల కార్డులు అంటించుకునే సీన్ దగ్గర పాజ్ చేసి, ఎవరు ఇబ్బంది పడుతున్నారో, ఎందుకు ఎవరూ గట్టిగా ఆపట్లేదో మాట్లాడుకోండి. తర్వాత ఆఫీసులో పనిచేసే భారత సంతతి అమ్మాయి కెల్లీ వస్తుంది, మైఖేల్ ఆమె మొహం మీదే ఇండియన్ యాస వెక్కిరిస్తాడు, ఆమె అతని చెంప చెళ్లుమనిపిస్తుంది. అక్కడ తొందరపడి ముందుకెళ్లకండి, నాకైతే ఎన్నిసార్లు చూసినా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అమెరికా ఆఫీసుల్లో మన యాసని అలా అనుకరిస్తే నవ్వేసి ఊరుకున్నవాళ్లు మనలో ఉన్నారు. టీమ్‌లో ఒక్కరే ఇండియన్ అయితే "నీకేమనిపించింది" అని అందరి ముందూ అడక్కండి, వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.