మేలైన సిగార్‌ను రుచి చూసి అంచనా వేయడం ఎలా?

ఖరీదైన సిగార్‌ను చేతికి తీసుకున్నవారి చూపు ముందుగా పడేది దాని చుట్టూ ఉన్న రంగుల పట్టీ మీదనే. ఆ తర్వాత రుచి గురించి చెప్పే మాటల్లో చాలా భాగం ఆ పట్టీ చెప్పించినవే. కాబట్టి పరీక్షకు కూర్చునేవారు పట్టీని మరొకరి చేత తీయించి, పేరు తెలియని సిగార్‌ను అందుకోవాలి. జిగురు పై ఆకుకు అంటుకుని ఉంటే పట్టీని లాగినప్పుడు ఆకు చిరుగుతుంది. అలాంటప్పుడు దాని మీద తెల్ల కాగితం చుట్టిస్తే సరిపోతుంది.

ఉదాహరణకు క్యూబాలో తయారైన రొబస్టో అనే కొలత సిగార్‌ను తీసుకుందాం. దీని పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు గనుక, ఈ సిగార్ అడ్డుకొలత 20 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. లోపలి ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు, అందంగా కనిపించే పై ఆకు అనే మూడు భాగాలనూ చేత్తోనే చుడతారు. లోపలి ఆకుల్లో మొక్క పైభాగం నుంచి కోసే లిగెరో ఘాటును, నడిమి ఆకైన సెకో వాసనను ఇస్తాయి. అడుగు ఆకైన వొలాదో చక్కగా కాలడానికి తోడ్పడుతుంది. పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో నేలలు ఈ ఆకుకు పేరుపొందాయి. మన చుట్టలకు గోదావరి లంకల పొగాకు ఎలాగో, హవానా సిగార్లకు ఆ నేలలు అలాగ.

వెలిగించక ముందే తెలిసేవి

సిగార్‌ను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకుని ఒక కొన నుంచి మరో కొన దాకా మెల్లగా నొక్కుతూ రావాలి. తగిన తేమ ఉన్న ఆకు కొద్దిగా లొంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. చిటపటమంటే ఎండిపోయిందని, మెత్తగా నలిగిపోతే తేమ ఎక్కువైందని అర్థం. ఒకచోట గట్టిగా తగిలితే అక్కడ పొగ ఆడదు. ఒకచోట బోలుగా ఉంటే అక్కడ వేడెక్కి చేదెక్కుతుంది. పై ఆకు మీద సూదిబెజ్జాలు కనిపిస్తే అది పొగాకు పురుగు పని. 65 నుంచి 70 శాతం తేమలో, 18 నుంచి 21 డిగ్రీల మధ్య దాచాలనే నియమం ఊరికే పెట్టినది కాదు. మన కోస్తా ఎండల్లో మామూలు అలమారలో ఉంచిన పెట్టెలో పురుగు గుడ్లు పొదగడం ఎంతో దూరం కాదు.

తర్వాత వాసన చూడాలి. ప్రకాశం జిల్లాలో బ్యారన్లనే పొగాకు గదుల్లో వేడి గాలితో క్యూరింగ్ చేసే వర్జీనియా ఆకు సిగరెట్లకు వెళ్తుంది. సిగార్ ఆకును మాత్రం నీడలో గాలికి ఆరబెట్టి, మండెలుగా, అంటే కుప్పలుగా వేసి, నెలల తరబడి మగ్గబెడతారు. మగ్గడం చాలని ఆకు ముక్కును అమ్మోనియాలా పొడుస్తుంది. ఆ వాసన వస్తే మిగతా పరీక్ష చాలావరకు వృథా.

నోట పెట్టుకునే కొనను మూసి ఉంచే ఆకు ముక్కను టోపీ అంటారు. దాని కొసను పదునైన కత్తెరతో రెండు మిల్లీమీటర్ల మేర కోయాలి. అంతకంటే కిందికి దిగితే పై ఆకు విచ్చుకుంటుంది. వెలిగించకుండానే ఒకటి రెండు సార్లు పీల్చి చూస్తే గాలి ఎంత తేలికగా ఆడుతున్నదో, పచ్చి ఆకు రుచి ఎలా ఉన్నదో తెలుస్తుంది.

వెలిగించి, రుచి చూడడం

పెట్రోలు లైటరు, కొవ్వొత్తి వాడితే వాటి వాసన ఆకుకు పడుతుంది గనుక అగ్గిపుల్ల గానీ బ్యూటేన్ లైటరు గానీ వాడాలి. మంట ఆకును తాకకుండా, కొనను తిప్పుతూ అంచంతా సమంగా ఎర్రబడేదాకా వేడి చేసి, అప్పుడు పీల్చాలి.

పొగను నోటిలో నిలపాలే తప్ప ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. సిగార్ పొగకు క్షారగుణం ఉండటం వల్ల నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి చేరుతుంది. ఖాళీ కడుపుతో కూర్చున్నవారికి తల తిరగడానికి కారణం ఇదే. పొగ మింగలేదు గనుక ముప్పు లేదనుకోవడం పొరపాటు. సిగార్ వల్ల నోటి, గొంతు క్యాన్సర్లు వస్తాయి, శ్రీకాకుళం వైపు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారి అంగిలికి జరిగే హాని వైద్యులకు చిరకాలంగా తెలిసినదే. భోజనం ముందే చేయాలి, అయితే ఆవకాయ అన్నం తిన్న నాలుకతో కూర్చుంటే ఆ పూట పరీక్ష పనికిరాదు. పక్కన మంచినీళ్లు తప్ప మరేదీ ఉంచుకోకూడదు.

నిమిషానికి ఒక్క దమ్ము చాలు. తొందరపడితే నిప్పు వేడెక్కి, ఎంత మంచి ఆకైనా చేదవుతుంది. అప్పుడప్పుడు నోటిలోని పొగలో కొంచెం ముక్కు గుండా వదలాలి, ఎందుకంటే మనం రుచి అనుకునేదానిలో ఎక్కువ పాలు వాసనే. ఇక్కడ మూడింటిని విడివిడిగా రాసుకోవడం అవసరం. ఘాటు అంటే నికోటిన్ బలం, అది తలలోనూ కడుపులోనూ తెలుస్తుంది. నిండుదనం అంటే పొగ నోటిలో ఎంత చిక్కగా ఉన్నదన్నది. రుచి ఈ రెండింటికీ వేరు. ఘాటు తక్కువైనా రుచి దండిగా ఉన్న సిగార్లు ఉన్నాయి, ఘాటు తప్ప మరేమీ లేనివీ ఉన్నాయి. రుచికి పేరు పెట్టేటప్పుడు దేవదారు, తోలు అంటూ విదేశీ జాబితాలు వల్లించడం కంటే, వేయించిన జీలకర్ర, మిరియం, మరిగి చిక్కబడిన పాలు, పాత బెల్లం, వక్క వగరు, తొలకరి మట్టి అని మన వంటింటి, పెరటి గుర్తులతో రాసుకుంటే రేపు మళ్లీ చదివినా అర్థమవుతుంది.

సిగార్‌ను మూడు భాగాలుగా ఊహించుకుని, ఒక్కో భాగం చివర రెండు వాక్యాలు రాయాలి. మొదటి భాగంలో మిరియపు కారం, నడుమ కమ్మదనం, చివర ఘాటు పెరగడం తరచుగా చూసేదే. మొదటి నుంచి చివరిదాకా ఒకే రుచి ఉంటే దానికి తక్కువ మార్కులే వేయాలి. నిప్పు అంచు సమంగా సాగుతున్నదా, ఒక పక్కనే కాలుతున్నదా అని గమనించాలి. బూడిద రాలకుండా నిలిస్తే లోపల పొడవాటి ఆకులు ఉన్నాయని గుర్తు. దాని తెలుపును బట్టి నాణ్యతను తేల్చకూడదు, ఆ రంగు నేలలోని ఖనిజాలను బట్టి వస్తుంది.

నూరు మార్కుల పద్ధతి వాడుకలో ఉంది. అందులో సగం రుచికి, వాసనకు ఇచ్చి, మిగిలిన సగాన్ని కాలే తీరుకు, చుట్టిన పనితనానికి, రూపానికి పంచడం న్యాయం. రూపానికి పది దాటనవసరం లేదు. చేతితో చుట్టిన వస్తువు గనుక ఒక్కదానితో తీర్పు చెప్పరాదు, అదే పెట్టెలోని మరో రెండింటిని వేర్వేరు రోజుల్లో చూడాలి.

నాలుగైదు సెంటీమీటర్లు మిగిలినప్పుడు బూడిద పళ్లెంలో నలపకుండా వదిలేస్తే సిగార్ తానే ఆరిపోతుంది. మార్కులు కాగితం మీద పడిన తర్వాతనే దాని పేరు అడగాలి.