ఇంటి గడపలో మొదటి అరగంట: మనసు బాగోలేని మనిషితో ఆశా, ఏఎన్ఎంలు మాట్లాడే తీరు

తాగి బండి నడిపినవాళ్ళకు పోలీసులు 'కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు' అని పేపర్లలో చదివీ చదివీ, మన దగ్గర ఆ మాటకు నాలుగు చీవాట్లు పెట్టడమనే అర్థం స్థిరపడిపోయింది. అందుకే ఇంటికి వెళ్ళినప్పుడు 'కౌన్సెలింగ్‌కి వచ్చాను' అనకండి. 'ఒకసారి చూసి పోదామని వచ్చాను, కాసేపు మాట్లాడుకుందాం' అంటే చాలు.

దిగులుగా ఉందని నేరుగా చెప్పేవాళ్ళు తక్కువ. నిద్ర పట్టట్లేదు, గుండె దడ, ఒళ్ళంతా నొప్పులు, తల బరువు అంటూ వస్తారు. ఆ మాటల్ని పక్కకు నెట్టకుండా అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. బీపీ చూడండి, ఎన్ని రోజులుగా ఉందో అడగండి. ఆ తర్వాత 'నిద్ర పట్టక అలా పడుకున్నప్పుడు మనసులో ఏం తిరుగుతుంటుంది?' అని అడిగితే అసలు సంగతి మెల్లగా బయటికొస్తుంది.

వసారాలో కూర్చుంటే ఇది కుదరదు. పక్కింటివాళ్ళు వస్తారు, కోడలిని అడిగినదానికి అత్తగారు జవాబు చెబుతారు. ముందు అయిదు నిమిషాలు అత్తగారు చెప్పేది వినండి, ఆవిడకూ తెలిసిన సంగతులుంటాయి. తర్వాత బీపీ చూడాలని చెప్పి ఇద్దరూ లోపలికి వెళ్ళండి (నిజంగానే చూడండి). మీకు కుర్చీ వేసి ఆ మనిషి కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి. ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు కూర్చుంటే చూపు తప్పించుకునే వీలుంటుంది, మాట సులువుగా వస్తుంది. మీ దగ్గర ఎంత టైముందో ముందే చెప్పండి.

ఆశా కార్యకర్తది అదే ఊరు. 'ఈమెకు చెబితే రేపటికి ఊరంతా తెలుస్తుంది' అన్న భయం న్యాయమైనదే. మొదటి అయిదు నిమిషాల్లోనే ఇలా చెప్పండి: 'మీరు చెప్పింది బయటికి పోదు. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం డాక్టరుగారికి, మీ ఇంట్లో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. అదీ ముందు మీకు చెప్పాకే.' 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. 'ఒట్టు, ఎవరికీ చెప్పను' అని మాత్రం అనొద్దు. అవసరమైన రోజున ఆ ఒట్టు మీ చేతులు కట్టేస్తుంది.

అన్నా, వదినా, పెద్దయ్యా అన్న పిలుపులు దూరం తగ్గిస్తాయి. కానీ ఒక చిక్కుంది. చెల్లెలినన్నాక మందలించే చనువు కూడా వచ్చేస్తుంది, 'ఏందన్నా, పిల్లల మొహం చూసైనా ధైర్యంగా ఉండాలి గదా' అని నోరు జారుతుంది. పిలుపు ఉంచుకోండి, మందలింపు వదిలేయండి. 'అందరికీ ఉండే కష్టాలేలే', 'అన్నీ సర్దుకుంటాయి', 'మా ఇంట్లోనూ ఇంతే' అనేవి కూడా ఇదే కోవ. వాటితో అవతలి మనిషికి తెలిసేది ఒక్కటే: ఇక చెప్పకపోవడం మేలని. 'ఎందుకు తాగుతున్నావు?' అన్నా సంజాయిషీయే వస్తుంది. 'తాగాలనిపించే ముందు ఏం జరుగుతుంది?' అంటే సంగతి వస్తుంది.

ఈ పని మొత్తంలో అసలు నైపుణ్యం విన్నదాన్ని తిరిగి చెప్పడం. చిలకపలుకులా కాదు. పత్తి పోయిందని, అప్పు తీరలేదని, షావుకారు చావడి దగ్గర నలుగురిలో అడిగాడని ఒకాయన చెప్పాడనుకోండి. 'అంటే పంట పోయినదానికన్నా నలుగురిలో అడగడమే ఎక్కువ గుచ్చుకుంటోంది. అంతేనా?' ఆ చివరి 'అంతేనా' చాలా ముఖ్యం. మీరు తప్పయితే ఆయన దిద్దుతాడు, దిద్దేటప్పుడు ఇంకాస్త చెబుతాడు. 'గుండె బరువు' అంటే మీరూ గుండె బరువనే అనండి, దాన్ని డిప్రెషన్ అని మార్చకండి. ఏడిస్తే వెంటనే ఊరుకోబెట్టకండి. మౌనం వస్తే మనసులో పది లెక్కపెట్టండి. సాధారణంగా మీరు ఏడు దగ్గరికి రాకముందే ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. మీరు విన్నది సరేనని ఆయన ఒప్పుకునేదాకా సలహా ఇవ్వొద్దు.

'పోతే బాగుండు', 'నేను లేకపోతే మీరైనా సుఖంగా ఉంటారు' లాంటి మాటల్ని ఊతపదాలని కొట్టేయకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అడగడం వల్ల అలా జరగదు. అయితే 'అలాంటి ఆలోచనలేం లేవు కదా?' అన్న తీరు పనికిరాదు. దానికి 'లేవు' అనే జవాబు వస్తుంది. ఈ వరుసలో అడగండి:

1. ఇంత కష్టంలో కొందరికి బతుకు మీద విరక్తి పుడుతుంది. మీకు చచ్చిపోవాలనిపించిందా?
2. ఎలా అనేది కూడా ఆలోచించారా?
3. దానికి కావాల్సింది ఇంట్లో ఉందా?
4. ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించారా?
5. ఇంతవరకు మిమ్మల్ని ఆపింది ఏమిటి?

మన భాషలో 'మందు' అంటే గోలీ, సారా, పురుగుల మందు, మూడూను. 'మందు తాగాను' అంటే ఏ మందో అక్కడికక్కడే అడగండి. రెండో లేదా మూడో ప్రశ్నకు అవునన్నా, ఈ మధ్యే ప్రయత్నించి ఉన్నా మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఒకరిని తోడు పెట్టి అదే రోజు మానసిక వైద్యులున్న ఆసుపత్రికి పంపండి. పురుగుల మందు డబ్బాలు అటక మీద దాచడం కాదు, ఇల్లు దాటించి ఇంకొకరి తాళం కిందికి చేర్చాలి. ఇప్పటికే తాగి ఉంటే 108 పిలిచి డబ్బాతో సహా పంపండి. ఉప్పునీళ్ళు పట్టించి కక్కించే అలవాటు ప్రమాదం, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కేసవుతుందని దాచే కుటుంబాలకు 2017 చట్టం 115వ సెక్షన్ గురించి చెప్పండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అది చెబుతుంది.

అంత ముప్పు లేకపోతే దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితం చదివి వినిపించండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా, మొత్తం 27 మార్కులు. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. మొత్తం ఎంత తక్కువైనా చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా పైన చెప్పిన వరుసకు వెళ్ళండి. మాట మొదలుపెట్టకముందే కాగితం తీస్తే సర్వే అనుకుంటారు, కాబట్టి ఇది చివర్లోనే.

లేచే ముందు రాత్రిపూట గాబరా పుడితే ఎవరితో మాట్లాడాలో ఇద్దరి పేర్లు ఆ మనిషి నోటితోనే చెప్పించి రాయండి. కింద టెలీ మానస్ (మనసు బాగోలేనివాళ్ళతో ఫోనులో మాట్లాడే ప్రభుత్వ సేవ) నంబరు 14416 రాయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు దిగులుకు గోలీలు రాస్తే, గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారం కడుపులో తిప్పడం ఉండొచ్చని ముందే చెప్పండి. చాలామంది ఆ వారంలోనే మానేస్తారు.

మళ్ళీ ఎప్పుడొస్తారో తేదీ చెప్పండి, వారం దాటనివ్వకండి. రెండోసారి 'ఎలా ఉన్నారు?' అంటే 'బాగున్నా' అనే వస్తుంది. 'చావడి వైపు వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదన్నారు. ఈ వారం వెళ్ళగలిగారా?' అని అడగండి.